ఎంఆర్ఐ నార్మల్ వస్తే నొప్పి అబద్ధమా?



పోస్టు పెద్దది. ఇప్పుడు కుదరకపోతే రాత్రి అన్నం తిన్నాక చదవండి, కానీ చదవండి. అన్నలు, తమ్ముళ్లు "ఇది ఆడవాళ్ల సంగతి" అని పైకి తోసేసి వెళ్లిపోవద్దు. మన ఇళ్లల్లో ఆసుపత్రికి ఎవరు వెళ్లాలి, ఎప్పుడు వెళ్లాలి, డబ్బులు ఎంత పెట్టాలి అని తేల్చేది ఎక్కువగా మీరే కాబట్టి మీకోసం కూడా రాస్తున్నాను.

నెలసరి నొప్పి గురించి, ఎండోమెట్రియోసిస్ అనే జబ్బు గురించి, దాన్ని ఎంఆర్ఐలో ఎలా చూస్తారన్న దాని గురించి ఈ పోస్టు. వేసవిలో ఇదే గ్రూపులో నేను ఒక పోస్టు పెట్టాను, కొందరికి గుర్తుండే ఉంటుంది. "నొప్పి ఉన్న ప్రతి ఆడపిల్లకీ ఎంఆర్ఐ తీయించండి, నిజం బయటపడుతుంది" అని రాశాను. చాలామంది షేర్ చేశారు. అందులో సగం తప్పు. ఆ తప్పు వల్ల మన అమ్మాయి ఒకరికి నష్టం జరిగింది. అది ఒప్పుకోకుండా ఊరుకోలేక రాస్తున్నాను.

నా గురించి రెండు ముక్కలు. మాది పాడేరు వైపు ఒక చిన్న ఊరు. మా ఇంట్లో ఏడో తరగతి దాటింది నేనే మొదటిదాన్ని. ఇప్పుడు విశాఖలో ఎస్టీ గర్ల్స్ హాస్టల్లో ఉండి బీఎస్సీ ఇమేజింగ్ టెక్నాలజీ రెండో ఏడాది చదువుతున్నాను. మా అమ్మ ఊళ్లో అందరికీ "మా పిల్ల ఒంట్లో ఫోటోలు తీసే చదువు చదువుతోంది" అని చెప్తుంది. ఆ మాట తప్పేం కాదు. నేను డాక్టర్ని కాదు, మందులు చెప్పను. మెషీన్ పక్కన నిలబడి నేర్చుకుంటున్న పిల్లని, అంతే. అలా నిలబడి చూసినవి, పుస్తకంలో చదివినవి, ఇంట్లో అనుభవించినవి ఇక్కడ పెడుతున్నాను.

ముందు మా అప్ప సంగతి. పెదనాన్న కూతురు. ఆమెకి ఈ పోస్టు ఫోన్లో చదివి వినిపించి, సరే అన్నాకే పెడుతున్నాను.

అప్పకి పద్నాలుగో ఏట నుంచీ నెలసరి వచ్చిన ప్రతిసారీ మూడు రోజులు మంచం దిగలేని నొప్పి. ఒట్టి కడుపు నొప్పి కాదు. నడుములోంచి తొడల్లోకి లాగేది. విరోచనానికి వెళ్తే లోపల కత్తి పెట్టినట్టు ఉండేదట. అది మాకు చెప్పడానికి ఆమెకి నాలుగేళ్లు పట్టింది, అలాంటివి ఎవరికి చెప్పుకుంటాం? ఆశా అక్క ఐరన్ మాత్రలు ఇచ్చింది. రక్తం తక్కువన్నారు. సికిల్ సెల్ టెస్టు చేశారు, లేదని వచ్చింది. దిసారి దగ్గరికి తీసుకెళ్తే ఎవరో చిల్లంగి పెట్టారన్నాడు, కోడిని కోశాం. ఇంటర్ రెండో ఏడాది ప్రాక్టికల్స్ సరిగ్గా ఆ మూడు రోజుల్లో పడ్డాయి. చదువు అక్కడ ఆగిపోయింది. "పెళ్లి చేసేయండి, తగ్గిపోద్ది" అన్నారు. చేశారు. తగ్గలేదు. పిల్లలు కలగలేదు. తర్వాత ఏం మాటలు మొదలవుతాయో నేను రాయక్కర్లేదు, మీ ఊళ్లోనూ అవే మాటలు.

మధ్యలో మూడుసార్లు కడుపు మీద స్కానింగ్ తీశారు. మూడుసార్లూ నార్మల్. మూడోసారి రిపోర్టు చేతిలో పెట్టినావిడ "నీకేం లేదమ్మా, మనసు గట్టి చేసుకో" అందట. అప్ప ఆ రోజు ఘాట్ రోడ్డు బస్సులో ఒక మాటంది. "నాకేటి నేదని కాయితం మీద రాసిచ్చీసినారే, ఇంక నొప్పి అంటే ఎవలు నమ్ముతారు?"

పెళ్లయిన నాలుగేళ్లకి ఒక గైనిక్ మేడం మొదటిసారి కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగారు. విరోచనం నొప్పి సంగతి అడిగింది ఆవిడే. లోపలి పరీక్ష చేసి ఎంఆర్ఐ రాశారు. అందులో కుడి అండాశయంలో చాక్లెట్ సిస్ట్, గర్భసంచి వెనక మందంగా కట్టిన కణుపు, అది పేగుని పట్టుకుని ఉండటం, అన్నీ కనిపించాయి. పదేళ్ల నొప్పికి పేరు దొరికింది. అప్ప ఏడ్చింది. జబ్బు ఉందని కాదు, తను అబద్ధం ఆడలేదని తేలినందుకు.

అందుకే వేసవిలో ఆ పోస్టు అంత ఆవేశంగా రాశాను.

అసలు ఇది ఏం జబ్బు అంటే, గర్భసంచి లోపల నెలనెలా పెరిగి రాలిపోయే పొర ఉంటుంది కదా, దాన్ని పోలిన పొర గర్భసంచి బయట పెరగడం. అండాశయం మీద, గర్భసంచి వెనక, పేగు మీద, మూత్రసంచి మీద. హార్మోన్లకి అదీ స్పందిస్తుంది, రక్తం వస్తుంది, కానీ బయటికి పోయే దారి ఉండదు. వాపు, మచ్చ కట్టడం, ఒకదానికొకటి అతుక్కుపోవడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పిల్లలు కనే వయసు ఆడవాళ్లలో దాదాపు 10 శాతం మందికి, అంటే 19 కోట్ల మందికి ఇది ఉంది. కచ్చితమైన కారణం ఇంకా తేలలేదు. కానీ చిల్లంగి కాదు, శుభ్రత లేక వచ్చింది కాదు, ఆ పిల్ల నడవడిక వల్ల వచ్చింది అసలే కాదు. పెళ్లితో, కాన్పుతో నయమైపోతుందన్నది కూడా తప్పు.

ఇప్పుడు నా తప్పు దగ్గరికి వస్తాను.

నా పోస్టు చదివిన ఒకమ్మాయి మా హాస్టల్ పక్క బ్లాకులోనే ఉంటుంది. డిగ్రీ. మన పిల్లే. తనకీ ఇలాంటి నొప్పే. నా దగ్గరికి వచ్చి అడిగింది, నేను "తీయించేయ్, తెలిసిపోతుంది" అన్నాను. ఎంత తేలిగ్గా అనేశానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. వాళ్ల నాన్న మిరియాలు అమ్మిన డబ్బులు ఉన్నాయి. ప్రైవేటు సెంటర్లో ఏడు వేల చిల్లర కట్టారు. రిపోర్టులో ఏ తేడా లేదని వచ్చింది.

వాళ్ల నాన్న మంచోడే. కానీ ఏడు వేలు పెట్టి "ఏం లేదు" అన్న కాగితం చేతికొచ్చాక ఆయన అన్నది, "అంత పెద్ద మిషిన్‌లోనే ఏం లేదంటే ఇంక నీ నాటకాలు ఆపు." అది ఇంటి మాట. హాస్టల్లోనూ అదే పాకింది. ఆ తర్వాత తను నొప్పి గురించి ఎవరికీ చెప్పలేదు. సెమిస్టర్లో ఒక పేపర్ రోజు బాత్రూంలోనే ఉండిపోయింది. పరీక్ష పోయింది. నాకు తెలిసింది తర్వాత.

కొంచెం ముందే నేను చదవాల్సింది చదివి ఉంటే, ఎంఆర్ఐ నార్మల్ వచ్చినంత మాత్రాన ఎండోమెట్రియోసిస్ లేదని కాదని తనకి ముందే చెప్పగలిగేదాన్ని. ఇది నా సొంత మాట కాదు. 2022లో యూరప్ సంతాన వైద్య నిపుణుల సంఘం ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ మాట స్పష్టంగా ఉంది. అంతకుముందు ఈ జబ్బు తేల్చాలంటే పొట్టకి చిన్న రంధ్రం పెట్టి కెమెరాతో చూడటమే అసలైన పరీక్ష అనేవారు, లాపరోస్కోపీ. ఆ మార్గదర్శకాలు వచ్చాక లెక్క మారింది. అందరికీ ముందే ఆపరేషన్ అక్కర్లేదు, లక్షణాలు విని, పరీక్ష చేసి, స్కానింగో ఎంఆర్ఐయో చూసి మందులు మొదలుపెట్టొచ్చు. స్కాన్‌లో ఏమీ కనపడకపోయినా లక్షణాలు గట్టిగా ఉంటే మందు ఇచ్చి చూడొచ్చు. మందుకీ తగ్గకపోతే అప్పుడు కెమెరా.

ఎందుకు కనపడదు? ఇది నా సబ్జెక్టు కాబట్టి కాస్త సాగదీస్తాను, ఓర్చుకోండి.

ఎంఆర్ఐ అంటే ఎక్స్‌రే లాంటి రేడియేషన్ కాదు. పెద్ద అయస్కాంతం. మా పోస్టింగ్‌లో ఉన్నది 1.5 టెస్లా, అంటే భూమి అయస్కాంత బలానికి దాదాపు 30 వేల రెట్లు. మన ఒంట్లో నీళ్లు, కొవ్వు ఉన్న ప్రతిచోటా హైడ్రోజన్ ఉంటుంది. అయస్కాంతంలో పడుకోబెట్టి రేడియో తరంగాలు పంపి, ఆ హైడ్రోజన్ తిరిగి ఇచ్చే సంకేతాన్ని పట్టుకుని బొమ్మ కడతారు. ఒకే చోటుని రెండు మూడు రకాలుగా తీస్తారు. టీ1 అనే రకంలో పాత రక్తం తెల్లగా మెరుస్తుంది. కొవ్వు కూడా తెల్లగానే ఉంటుంది. అందుకని కొవ్వుని అణిచేసి ఇంకోసారి తీస్తారు. అప్పుడూ తెల్లగా మిగిలింది రక్తం, నల్లబడిపోయింది కొవ్వు. అండాశయంలో గడ్డ కనపడితే అది చాక్లెట్ సిస్టా, లేక కొవ్వు, వెంట్రుకలు ఉండే డెర్మాయిడ్ గడ్డా అని ఇలా విడదీస్తారు. టీ2 అనే రకంలో అదే చాక్లెట్ సిస్ట్ మసకగా, నల్లగా మారుతుంది, ఏళ్ల తరబడి రక్తం చేరి చిక్కబడటం వల్ల. ఈ రెండూ పక్కపక్కన పెట్టి టెక్నీషియన్ సార్ మొదటిసారి చూపించినప్పుడు నాకు అప్పే గుర్తొచ్చింది.

లోతుగా దిగిన జబ్బు ఇంకోలా ఉంటుంది. అక్కడ రక్తం కంటే మచ్చ ఎక్కువ. టీ2లో నల్లటి గట్టి ముద్దలా, చుట్టుపక్కల వాటిని తన వైపు లాక్కుంటున్నట్టు కనిపిస్తుంది. గర్భసంచిని వెనక నుంచి పట్టి ఉంచే తాళ్లు మందమవుతాయి. గర్భసంచికీ పేగుకీ మధ్య ఉండాల్సిన ఖాళీ మూసుకుపోతుంది. కొందరిలో రెండు అండాశయాలూ వెనక్కి లాగబడి మధ్యలో ఒకదానికొకటి తగులుతాయి.

ఇక మూడో రకం ఉంది. పొట్ట లోపలి పలచటి పొర మీద చుక్కలు చుక్కలుగా, పైపైన ఉంటుంది. కొన్ని మిల్లీమీటర్లు. మందం లేదు, ముద్ద లేదు. మేం తీసే ఒక్కో ముక్క మందమే మూడు నాలుగు మిల్లీమీటర్లు. దాంట్లో అది ఎక్కడ దొరుకుతుంది? దొరకదు, చాలాసార్లు. కానీ నొప్పికి చుక్క చిన్నదా పెద్దదా అన్న లెక్క లేదు. చిన్న చుక్కలున్న పిల్లకి భరించలేని నొప్పి ఉండొచ్చు, పెద్ద గడ్డ ఉన్నామెకి ఏమీ తెలియకపోవచ్చు.

అంకెలు కావాలన్నవాళ్లకి. 2016లో కొక్రేన్ వాళ్లు అప్పటిదాకా వచ్చిన స్టడీలన్నీ కలిపి ఒక సమీక్ష చేశారు. లోతైన జబ్బు నిజంగా ఉన్న 100 మందిలో ఎంఆర్ఐ 94 మందిని పట్టుకుంది. బానే ఉంది కదా? కానీ అన్ని రకాలూ కలిపి చూస్తే 79 మందినే. అంటే 21 మంది నార్మల్ అన్న కాగితంతో ఇంటికెళ్తారు. ఇంకోవైపు, లోతైన జబ్బు లేని 100 మందిలో 23 మందికి ఉందని తప్పుగా చెప్పింది. పైగా ఇవి అనుభవం ఉన్నవాళ్లు చదివిన ఎంఆర్ఐలు. రోజుకి మోకాళ్లు, వెన్నుపూసలు నలభై చూసి మధ్యలో ఒక పెల్విస్ చూసేవాళ్ల దగ్గర ఇదే లెక్క ఆశించకూడదు.

ఇంకో సంగతి, యోని ద్వారా చేసే స్కానింగ్, టీవీఎస్ అంటారు, బాగా నేర్చుకున్నవాళ్లు చేస్తే ఎంఆర్ఐకి పెద్దగా తీసిపోదు. అదే సమీక్షలో చాక్లెట్ సిస్ట్ ఉన్న 100 మందిలో టీవీఎస్ 93 మందిని పట్టింది. ఖర్చు చాలా తక్కువ. కాబట్టి స్కానింగ్ చిన్నది, ఎంఆర్ఐ పెద్దది అని మన బుర్రలో ఉన్న నిచ్చెన తప్పు. కానీ మన పిల్లలకి టీవీఎస్ చెయ్యరు. "పెళ్లయిందా?" అని అడుగుతారు, కాలేదంటే పొట్ట మీద నుంచే చూసి పంపేస్తారు. పొట్ట మీద నుంచి చూస్తే గర్భసంచి వెనక దాక్కున్న కణుపు దొరకడం కష్టం. అప్పకి మూడుసార్లు జరిగింది అదే. ఆమె పెళ్లయ్యాక తీసింది కూడా పొట్ట మీదే, ఎందుకో మరి. పెళ్లికాని పిల్లలకి ఎంఆర్ఐ నిజంగా పనికొచ్చేది ఇక్కడ. లోపలికి ఏమీ పెట్టకుండానే వెనక భాగం చూడొచ్చు.

అయితే ఎంఆర్ఐ అంటే అన్నీ ఒకే ఎంఆర్ఐ కాదు. నా పోస్టింగ్‌లో నాకు బాగా కోపం తెప్పించిన విషయం రిక్వెస్ట్ ఫారం. ఫారం మీద "ఎంఆర్ఐ పెల్విస్, కడుపు నొప్పి" అని రెండు ముక్కలు రాసి పంపుతారు. అంతే రాస్తే మామూలు పెల్విస్ లెక్కలో తీసేస్తారు. అదే "ఎండోమెట్రియోసిస్ అనుమానం, విరోచనానికి నొప్పి, పేగు చూడండి" అని ఉంటే పద్ధతి మారుతుంది. కొన్ని గంటలు ఏమీ తినకుండా రమ్మంటారు. పేగు కదలకుండా ఒక ఇంజక్షన్ ఇస్తారు, లేకపోతే పేగు కదలికకి బొమ్మ చెదిరిపోతుంది, సెల్ఫీ తీసేటప్పుడు చెయ్యి కదిలినట్టు. మూత్రసంచి సగం నిండి ఉండాలి, మరీ ఖాళీగా ఉంటే దాని గోడ కనపడదు, మరీ నిండితే ఆ పిల్ల అరగంట కదలకుండా పడుకోలేదు. కొవ్వు అణిచిన టీ1 తప్పనిసరి. చాలాచోట్ల రంగు ఇంజక్షన్, అదే కాంట్రాస్ట్, అవసరమే ఉండదు, గడ్డ విషయంలో వేరే అనుమానం ఉంటే తప్ప. నెలసరి రోజుల్లోనే రావాలన్న నియమం కూడా లేదు.

పక్క బ్లాకు చెల్లి ఫారం నేను తర్వాత చూశాను. "కడుపు నొప్పి" అనే ఉంది. డాక్టర్ని కలవకుండా నేరుగా సెంటర్‌కి వెళ్లి, అక్కడే ఎవరితోనో రాయించుకున్నారు. కొవ్వు అణిచిన బొమ్మ తీయనే లేదు. సరిగ్గా తీసి ఉంటే ఏమైనా కనపడేదా? చెప్పలేను. కనపడకపోయి ఉండొచ్చు కూడా. కానీ డాక్టర్ లేకుండా, ప్రశ్న లేకుండా మెషీన్ దగ్గరికి పంపించింది నేను.

మన వాళ్ల విషయంలో ఇంకొన్ని చిన్న సంగతులు, ఇవి ఏ పుస్తకంలోనూ చెప్పరు. ముక్కుపుడకలు, చెవుల నిండా కమ్మలు, కడియాలు, మెట్టెలు అన్నీ తీసెయ్యాలి. మా వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ముక్కుకమ్ములు పెళ్లినాటి నుంచి తీయలేదు, మగడు బతికుండగా తీయకూడదని ఏడ్చింది. బయట ఉన్న కుర్రాడు విసుక్కున్నాడు. నేను మన మాటలో నెమ్మదిగా చెప్పి, తీసినవి ఆమె చీర కొంగులోనే ముడేసి, కొంగు ఆమె కూతురికి పట్టించాను. అంతే, ఒప్పుకుంది. లోపల డప్పు కొట్టినట్టు పెద్ద శబ్దం వస్తుంది, చెవులకి పెట్టుకోడానికి ఇస్తారు. చేతిలో రబ్బరు బుడ్డి పెడతారు, భయమేస్తే నొక్కితే ఆపేస్తారు. ఇవి ముందే ఇంటి దగ్గర చెప్పి తీసుకొస్తే సగం భయం పోతుంది. వెళ్లేటప్పుడు ఫిల్ములతో పాటు సీడీ కూడా అడిగి తీసుకోండి. రేపు వేరే చోట అనుభవం ఉన్న డాక్టర్ చూడాలంటే సీడీలోనే అన్ని బొమ్మలూ ఉంటాయి, మళ్లీ తీయించే ఖర్చు తప్పుతుంది.

ఇప్పుడు నా అభిప్రాయం. కొందరు అన్నలు ఐటీడీఏకి వినతిపత్రం ఇద్దాం, ఏజెన్సీలో ప్రతి ఏరియా ఆసుపత్రికి ఎంఆర్ఐ అడుగుదాం అంటున్నారు. నా పాత పోస్టు చూసే ఆ మాట వచ్చిందని తెలుసు. అడగొద్దని అనను. కానీ మొదట అడగాల్సింది అది కాదని నా మాట. మెషీన్ వచ్చి, దాన్ని చదివే మనిషి లేకపోతే మనకి ఇంకా ఎక్కువ నార్మల్ కాగితాలు వస్తాయి, ఇంకా ఎక్కువ మంది పిల్లల నోళ్లు మూతపడతాయి. ముందు పీహెచ్‌సీలో, హాస్టల్లో నొప్పి గురించి అడిగే మనిషి కావాలి. ఏ రోజు మొదలైంది, ఎన్ని రోజులు, బడి ఎన్ని రోజులు పోయింది, విరోచనానికి, మూత్రానికి నొప్పి ఉందా, పెళ్లయిన వాళ్లయితే కలిసినప్పుడు నొప్పి ఉందా. ఇవి అడగడానికి అయస్కాంతం అక్కర్లేదు. ఆ తర్వాత స్కానింగ్ చేసేవాళ్లకి ఈ జబ్బు వెతకడం నేర్పాలి. అందులో తేలనివాళ్లని, పెళ్లికాక టీవీఎస్ కుదరనివాళ్లని, ఆపరేషన్ దాకా వెళ్లేవాళ్లని పెద్ద ఆసుపత్రిలో ఎంఆర్ఐకి పంపాలి, బస్సు చార్జీ, తోడు మనిషి, ఆ రోజు ఉండే చోటు చూపించి పంపాలి. ఘాట్ దిగి వచ్చి "మెషీన్ రిపేరు, వచ్చే మంగళవారం రండి" అనిపించుకుని తిరిగెళ్లినవాళ్లని నేను కళ్లారా చూశాను. కాఫీ పళ్లు ఏరే రోజుల్లో అయితే వాళ్లు ఆ మంగళవారం రారు.

ఆపరేషన్ విషయంలో మాత్రం నేను ఎంఆర్ఐ పక్షమే, మొండిగా. కారణం చెప్తాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దాదాపు 3 శాతం. మన ఆంధ్రలో 9 శాతానికి దగ్గర, తెలంగాణలో 8. మీ ఊళ్లో లెక్కపెట్టండి, ముప్పై ఐదు ఏళ్లకే తీయించేసుకున్న పిన్నులు, అత్తలు ఎంతమంది ఉన్నారో. నొప్పి, బ్లీడింగ్ అనగానే తీసేద్దాం అంటారు. కానీ ఎండోమెట్రియోసిస్ ఉండేదే గర్భసంచి బయట. పేగు మీద కణుపు వదిలేసి గర్భసంచి ఒక్కటీ తీసేస్తే నొప్పి అక్కడే ఉండిపోవచ్చు. పైగా లోతైన జబ్బు ఒక్కోసారి కిడ్నీ నుంచి మూత్రం వచ్చే గొట్టాన్ని నొక్కేస్తుంది, నొప్పి కూడా తెలియకుండా కిడ్నీ పాడవుతుంది. అందుకే కత్తి పెట్టకముందు లోపల ఏది ఎక్కడ అతుక్కుందో పటం కావాలి. పేగు దాకా ఉంటే పేగు సర్జన్ కూడా ఆపరేషన్‌లో ఉండాలి కదా, అది ముందే తెలియాలి కదా. గర్భసంచి గోడలోనే ఉండే అడినోమయోసిస్ అనే ఇంకో జబ్బు కూడా ఎంఆర్ఐలో బాగా తెలుస్తుంది. మన దగ్గర ఎక్కువగా ఉండే టీబీ గర్భసంచి గొట్టాలకి వచ్చినా నొప్పి, పిల్లలు కలగకపోవడం ఇలాగే ఉంటాయి. దానికి మందు వేరు. ఇవేవీ చూడకుండా "తీసేద్దాం" అంటే, "దేనికోసం తీస్తున్నారు, ఏం చూసి చెప్తున్నారు" అని అడిగే హక్కు మన అమ్మలకి ఉంది. వాళ్లు అడగలేకపోతే పక్కన నిలబడి మనం అడగాలి. చదువుకున్నది అందుకు కూడా పనికిరాకపోతే ఎలా?

హాస్టళ్ల గురించి ఒక్క మాట. నొప్పి అనగానే మాత్రల స్ట్రిప్పు చేతిలో పెట్టేస్తున్నారు. మాత్ర వేసుకోవద్దని కాదు, నేనూ వేసుకుంటాను. కానీ మన హాస్టళ్లలో ఎక్కువగా ఇచ్చే మెఫెనమిక్ యాసిడ్ మీద 2023 చివర్లో ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ ఒక హెచ్చరిక ఇచ్చింది. కొద్దిమందిలో దద్దుర్లు, జ్వరం, లోపలి అవయవాలకి దెబ్బ లాంటి తీవ్రమైన రియాక్షన్ రావొచ్చని. నెలకి ఒక స్ట్రిప్పు ఖాళీ చేసే పిల్ల ఉందంటే ఆ పిల్లకి ఇంకో స్ట్రిప్పు కాదు, డాక్టర్ కావాలి. ఎవరు నెలకి ఎన్ని తీసుకున్నారో ఏ రిజిస్టర్లోనూ ఉండదు. అన్నం ఎన్ని కిలోలు వండారో మాత్రం ఉంటుంది.

పక్క బ్లాకు చెల్లిని నేనే తోడు వెళ్లి గైనిక్ ఓపీలో చూపించాను. మేడం రిపోర్టు పక్కన పెట్టేసి ముందు తనని అడిగారు. "రిపోర్టులో కనపడకపోయినా నీ నొప్పి నాకు అర్థమైంది" అని, హార్మోన్ మాత్రలు మొదలుపెట్టారు. మూడు నెలలైంది, నొప్పి సగానికి తగ్గిందంటోంది. పోయిన పేపర్ మళ్లీ రాయాలి. వాళ్ల నాన్నకి నేను ఫోన్ చేసి తప్పు నాదే అని, ఎంఆర్ఐ ఎందుకు అలా వచ్చిందో మన మాటలో చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి "మరి ఆ మాత్రలు ఎంతమ్మా నెలకి?" అన్నాడు.

అప్పకి కూడా మాత్రలే నడుస్తున్నాయి, డైనోజెస్ట్ అని రోజుకి ఒకటి. పిల్లలు కావాలనుకుంటే దారి వేరు, పేగు దగ్గరి కణుపుకి ఆపరేషన్ చెయ్యాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. జనవరిలో మళ్లీ ఎంఆర్ఐ రమ్మన్నారు. కాఫీ పని మధ్యలో బావ రాలేనన్నాడు, నేను ఆ రోజు ప్రాక్టికల్ వదిలేసి వెళ్తున్నాను.

మన హాస్టల్లో వచ్చే ఆదివారం సాయంత్రం మెస్ హాల్లో కూర్చుంటున్నాం, ఏడెనిమిది మందిమి. నెలసరి రోజులు, నొప్పి, పోయిన క్లాసులు రాసుకునే ఒక నోట్‌బుక్ పేజీ గీశాను. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు అది చూపిస్తే చాలు, చెప్పడానికి సిగ్గుపడక్కర్లేదు. వేరే హాస్టల్ వాళ్లకి కావాలంటే కింద రాయండి, ఫోటో పెడతాను. నా పాత పోస్టు షేర్ చేసినవాళ్లు దయచేసి అది తీసేసి దీన్ని పెట్టండి.